మైనంతో చిత్రలేఖనం: ఎన్‌కాస్టిక్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఎన్‌కాస్టిక్ అంటే ఏమిటి? మైనం వాడిన ప్రతి చిత్రమూ ఎన్‌కాస్టిక్ అవుతుందా?

తేనెమైనంలో కొద్దిగా గుగ్గిలం చేర్చి కరిగించి, అందులో రంగుపొడి కలిపి, ఆ ద్రవం వేడిగా ఉన్నప్పుడే పలక మీద పూసి, పూసిన ప్రతి పొరనూ తిరిగి వేడి చేసి కింది పొరతో ఏకం చేసే చిత్రలేఖన పద్ధతే ఎన్‌కాస్టిక్. ఈ నిర్వచనంలో చాలామంది పట్టించుకోకుండా దాటిపోయేది చివరి భాగం. మైనం ఉన్నంత మాత్రాన అది ఎన్‌కాస్టిక్ కాదు. పొరలను వేడితో అతికించినప్పుడే అవుతుంది. ద్రావకంతో మెత్తబరిచిన మైనాన్ని నూనెరంగులో కలిపి కత్తితో పూసే కోల్డ్ వాక్స్ పద్ధతిలో వేడి ప్రసక్తే లేదు. అక్కడ ద్రావకం ఆవిరై, నూనె గాలితో చర్య జరిపి రంగు ఆరుతుంది. బాతిక్‌లో మైనం రంగు అంటకుండా అడ్డుపడి, పని పూర్తయ్యాక గుడ్డను వదిలి వెళ్లిపోతుంది. రెండూ మంచి పద్ధతులే, కానీ ఇక్కడ చెప్పే విషయాలు వాటికి వర్తించవు.

ఈ పద్ధతి ఎంత పాతది?

ప్రాచీన గ్రీకులకు ఇది బాగా తెలిసిన పద్ధతి. క్రీ.శ. 79లో మరణించిన రోమన్ రచయిత ప్లినీ, మైనాన్ని నిప్పు మీద కరిగించి కుంచెతో ఓడలకు రంగు వేసే విధానాన్ని ప్రస్తావిస్తూ, ఆ రంగు ఎండకూ, ఉప్పునీటికీ, గాలికీ చెడదని రాశాడు. ఈ మాటను నేను తరచుగా గుర్తు చేస్తుంటాను, ఎందుకంటే మైనపు చిత్రం చాలా సున్నితమైనదని, ముట్టుకుంటే పాడవుతుందని భావించేవారే నేటికీ ఎక్కువ.

మనకు మిగిలిన సాక్ష్యాలలో అన్నిటికన్నా బలమైనవి ఈజిప్టులోని ఫయూమ్ ప్రాంతంలో దొరికిన ముఖచిత్రాలు. రోమన్ల పాలనలో, క్రీ.శ. 1 నుంచి 3వ శతాబ్దం వరకు, మరణించినవారి ముఖాలను పలుచని కలప పలకల మీద చిత్రించి, మమ్మీల ముఖం ఉండే చోట అమర్చేవారు. ఇలాంటివి సుమారు 900 లభించాయి. వాటిలో కొన్ని టెంపెరా చిత్రాలు, అంటే గుడ్డుసొన వంటి జిగురులో కలిపిన రంగుతో వేసినవి. చాలా వరకు ఎన్‌కాస్టిక్. బ్రిటిష్ పురాతత్వవేత్త ఫ్లిండర్స్ పెట్రీ 1888లో హవారా శ్మశానవాటికలో తవ్వకాలు జరిపినప్పుడు వీటిలో ఎన్నో వెలుగు చూశాయి. వీటిని పెద్దవిగా చేసిన ఫోటోలలోనైనా శ్రద్ధగా గమనించండి. దుస్తుల మీద, నేపథ్యంలో రంగు కుంచె వెంట సాఫీగా సాగిపోయి ఉంటుంది. చెంపల మీద, నుదుటి మీద మాత్రం గట్టి పనిముట్టుతో నొక్కి లాగిన పొట్టి పొట్టి గాట్లు ఒకదాని పక్కన ఒకటి కనిపిస్తాయి. చల్లబడుతున్న మైనాన్ని ఏ క్షణంలో ఏ పనిముట్టుతో కదిలించాలో ఆ చిత్రకారులకు క్షుణ్ణంగా తెలుసు.

ఆ తరువాత ఈజిప్టులోని సినాయ్ ప్రాంతంలో ఉన్న సెయింట్ కేథరిన్ మఠంలో ఉన్న 6వ శతాబ్దపు క్రీస్తు చిత్రం వంటి కొన్ని గొప్ప ఉదాహరణలను మిగిల్చి, ఈ పద్ధతి క్రమంగా మరుగున పడింది. కారణం ఊహించడం కష్టం కాదు: టెంపెరాకు నిప్పు అవసరం లేదు. 18వ శతాబ్దం మధ్యలో ఫ్రాన్స్‌లో పురావస్తు పండితుడు కౌంట్ ద కేలూస్ ప్లినీ రాతల ఆధారంగా దీనిని పునరుద్ధరించడానికి ప్రయోగాలు చేశాడు. 1922–23లో మెక్సికన్ చిత్రకారుడు డియెగో రివేరా మెక్సికో నగరంలో తన తొలి కుడ్యచిత్రాన్ని ఎన్‌కాస్టిక్‌తో వేశాడు. అయితే పద్ధతి మళ్లీ అందరికీ అందుబాటులోకి రావడానికి అసలు కారణం కళా ఉద్యమాలు కావు, ఉష్ణోగ్రతను అదుపులో ఉంచగల విద్యుత్ పెనం అని నా అభిప్రాయం.

కొవ్వొత్తులు తయారు చేసే మైనం సరిపోదా?

సరిపోదు. కొవ్వొత్తుల మైనం చాలా వరకు పెట్రోలియం నుంచి వచ్చే పారఫిన్. అది చల్లబడ్డాక పెళుసుగా ఉండి, పలుచని పొరలుగా వేస్తే పగులుతుంది, కింది పొరను గట్టిగా పట్టుకోదు. సోయా మైనం మరీ మెత్తన. తేనెమైనం ప్రధానంగా ఎస్టర్లు, కొవ్వు ఆమ్లాలు, హైడ్రోకార్బన్ల మిశ్రమం. సుమారు 62 నుంచి 64 డిగ్రీల సెల్సియస్ వద్ద కరుగుతుంది, చల్లబడ్డాక గట్టిపడినా కొంత సాగే గుణాన్ని నిలుపుకుంటుంది. తేమను లోనికి రానివ్వదు. నూనెరంగులోని నూనెలాగా కాలంతో పాటు పసుపెక్కదు.

పసుపు రంగులో సహజంగా దొరికే మైనం తెలుపు, నీలం వంటి రంగులను తనవైపు లాగేస్తుంది కాబట్టి తెల్లని మైనం కావాలి. ఇక్కడ ఒక తేడాను గమనించాలి. రసాయనాలతో తెల్లబరిచిన మైనం కొంతకాలానికి తిరిగి పసుపెక్కే ప్రమాదం ఉంది. బొగ్గు లేదా బంకమన్ను గుండా వడకట్టి శుద్ధి చేసిన మైనానికి ఆ భయం తక్కువ. గోధుమ, ఎరుపు, నలుపు వంటి రంగులకు మాత్రం నేను పసుపు మైనాన్నే ఇష్టపడతాను. ఆ వెచ్చదనం శుద్ధి చేసినదానికి రాదు.

గుగ్గిలం ఎందుకు కలుపుతారు? మీడియం మీరే తయారు చేసుకుంటారా?

రంగు కలపని మైనం, గుగ్గిలాల మిశ్రమాన్ని మీడియం అంటాము. ఇందులో వాడే డామర్ గుగ్గిలం దక్షిణ, ఆగ్నేయ ఆసియా అడవులలో పెరిగే చెట్ల నుంచి కారి గడ్డకట్టిన జిగురు. అది మైనాన్ని గట్టిపరుస్తుంది, కరిగే ఉష్ణోగ్రతను కొద్దిగా పెంచుతుంది, చిత్రం పైభాగాన్ని గుడ్డతో రుద్దినప్పుడు మెరుగు వచ్చేలా చేస్తుంది. తూకంలో 8 భాగాల మైనానికి 1 భాగం గుగ్గిలం అనేది ఎక్కువమంది పాటించే కొలత. గుగ్గిలం పెరిగేకొద్దీ చిత్రం గట్టిగానూ, అదే సమయంలో పెళుసుగానూ మారుతుంది. ఒక రకం తాటిజాతి చెట్టు ఆకుల నుంచి తీసే కార్నౌబా మైనంతోనూ గట్టిదనం తెచ్చుకోవచ్చు, కానీ పెళుసుదనం మరింత ఎక్కువ.

మీడియం నేనే తయారు చేసుకుంటాను. ముందుగా మైనాన్ని పూర్తిగా కరిగించి, చిన్న ముక్కలుగా చితక్కొట్టిన గుగ్గిలాన్ని అందులో వేస్తాను. గుగ్గిలం కరగడానికి మైనం కన్నా ఎక్కువ వేడి, సుమారు 105 నుంచి 110 డిగ్రీలు కావాలి. కాబట్టి ఈ ఒక్క దశలో మాత్రమే మామూలు పని ఉష్ణోగ్రతను దాటవలసి వస్తుంది, గాలి ధారాళంగా వెళ్లే చోటనే ఈ పని చేయాలి. మొదట గుగ్గిలం గిన్నె అడుగున తీగలు సాగే ముద్దగా చేరి, ఇక ఎన్నటికీ కలవదేమో అనిపించే దశ ఒకటి వస్తుంది. వేడి పెంచకుండా, ఓపికగా కలియబెడుతూ ఉంటే అది కరుగుతుంది. చివరికి బెరడు ముక్కలు, పురుగుల రెక్కలు, ఇసుక తేలి కనిపిస్తాయి; చెట్టు నుంచి వచ్చిన జిగురు కాబట్టి ఇవి లేకుండా ఉండదు. సన్నని గుడ్డతో వడకట్టి, అచ్చులలో పోసి చల్లారనిస్తే నెలల తరబడి వాడుకోవడానికి బిళ్లలు సిద్ధమవుతాయి.

బజారులో దొరికే డామర్ వార్నిష్‌ను గుగ్గిలానికి బదులుగా ఎప్పుడూ వాడకండి. అందులో టర్పెంటైన్ ఉంటుంది. టర్పెంటైన్‌ను గానీ, మరే ద్రావకాన్ని గానీ వేడి మైనం దగ్గరకు రానివ్వకూడదు.

ఏ రంగులు వాడవచ్చు?

తయారైన ఎన్‌కాస్టిక్ రంగు బిళ్లలు దొరుకుతాయి. కొత్తగా మొదలుపెట్టేవారికి అవే మేలు, ఎందుకంటే పొడి రంగు గాలిలో తేలి ఊపిరితిత్తులలోకి వెళ్లే ప్రమాదం వాటితో ఉండదు. సొంతంగా కలుపుకోదలచినవారు దుమ్మును ఆపే మాస్కు తప్పక ధరించాలి, సీసం, పాదరసం ఉన్న రంగుల జోలికి పోకూడదు, కాడ్మియం, కోబాల్ట్ పొడులను కూడా వీలైనంత వరకు మానుకోవాలి. ఐరన్ ఆక్సైడ్ రంగులు, అల్ట్రామెరైన్, టైటానియం తెలుపు మైనంలో చక్కగా కలుస్తాయి.

నూనెరంగును కొద్దిగా కలపవచ్చు, కానీ దానిని ముందుగా పీల్చే కాగితం మీద పరిచి, అదనపు నూనె తీసేయాలి. నూనె ఎక్కువైతే మైనం ఎప్పటికీ గట్టిపడదు. ఆక్రిలిక్ రంగులు నీటితో, ప్లాస్టిక్‌తో తయారైనవి కాబట్టి మైనంతో కలవవు.

కాన్వాస్ మీద వేయవచ్చా?

చట్రానికి బిగించిన కాన్వాస్ మీద వేయకూడదు. చల్లారిన మైనం వంగలేదు. వెనుక నుంచి వేలు తగిలినా చాలు, పొర పగులుతుంది. ఆధారం గట్టిగా ఉండాలి, మైనాన్ని పీల్చుకునేలా ఉండాలి. వెనుక చట్రం అతికించిన బర్చ్ ప్లైవుడ్ పలకలు నాకు అన్నిటికన్నా అనుకూలం. కాన్వాస్ నేత కనిపించి తీరాలనుకుంటే దానిని పలకకు అంటించి వేయవచ్చు.

తెల్లని నేపథ్యం కావలసినవారు రంగు వేసే ముందు పలకకు పూసే తెల్లని పూతగా సాధారణ ఆక్రిలిక్ జెస్సో వాడి, కొన్ని నెలల తరువాత రంగు మొత్తం పెచ్చులుగా ఊడిందని బాధపడుతుంటారు. ఆక్రిలిక్ జెస్సో ఎండాక దాదాపు ప్లాస్టిక్ పొర అవుతుంది, మైనానికి అందులో పట్టు దొరకదు. ఎన్‌కాస్టిక్ కోసమే తయారు చేసిన జెస్సో గానీ, జంతు జిగురులో సుద్ద కలిపి చేసే పాతకాలపు పూత గానీ వాడాలి.

పొరలను వేడితో అతికించడం అంత ముఖ్యమా? పొరలు వాటంతటవే అంటుకోవా?

పైకి అంటుకున్నట్లే కనిపిస్తాయి. కుంచె నుంచి దిగిన మైనం పలకను తాకిన కొన్ని క్షణాలలోనే గడ్డకడుతుంది, దాని కింద ఉన్న పొర చల్లగానే ఉంటుంది, కాబట్టి రెండింటి మధ్య నిజమైన కలయిక జరగదు. అలా పేర్చుకుంటూ పోయిన చిత్రం బయటికి ఎంత బాగున్నా, ఏదో ఒక రోజు చలికో, దెబ్బకో, పొరకు పొర విడిపోతుంది. అందువలన ప్రతి పొర తరువాత వేడిగాలిని ఊదే హీట్ గన్‌తో గానీ, మంటను చిమ్మే చిన్న గ్యాస్ టార్చ్‌తో గానీ, ఇస్త్రీపెట్టె వంటి చదునైన పనిముట్టుతో గానీ వేడి చేసి, కొత్త పొరను పాత పొరలోకి దించాలి.

ఎంత వేడి చేయాలన్న ప్రశ్నకు డిగ్రీలలో జవాబు లేదు, కంటితో చూసి తెలుసుకోవలసిందే. హీట్ గన్‌ను పక్కవాటుగా పట్టుకుని, నిలపకుండా కదుపుతూ ఉంటే, మొదట మైనం మీది మసక పోతుంది; ఆ తరువాత కుంచె గీతల అంచులు గుండ్రబడతాయి; ఆ వెంటనే పైభాగమంతా తడిసినట్లు ఒక మెరుపు పాకుతుంది. ఆ మెరుపు కనిపించిన చోటు నుంచి వేడిని తప్పించాలి. ఇంకో రెండు క్షణాలు ఆగితే కింది పొర కూడా కరిగి, రెండు రంగులు ఒకదానిలోకి ఒకటి కారిపోతాయి. కొన్నిసార్లు ఆ కలయికే మనకు కావలసినది కావచ్చు, అది వేరే విషయం. కానీ కోరి చేసినదానికీ, జరిగిపోయినదానికీ తేడా చిత్రంలో తెలిసిపోతుంది.

మొదటి పొర విషయంలో మరింత శ్రద్ధ కావాలి. పలకను ముందుగా వేడి చేసి, రంగు లేని మీడియం పూసి, అది కలప లోపలికి ఇంకేలా పూర్తిగా కరిగించాలి. చల్లని కలప మీద పూస్తే కలప రంధ్రాలలోని గాలి తరువాత వేడి తగిలినప్పుడల్లా బుడగలుగా పైకి వస్తుంది, ఆ సూదిబెజ్జాలు ఎన్ని పొరలు వేసినా పదే పదే తెరుచుకుంటాయి.

పనిముట్లలో దేనిని ఎంచుకోవాలన్నది స్వభావాన్ని బట్టి ఉంటుంది. హీట్ గన్ నుంచి వచ్చే గాలి కరిగిన మైనాన్ని నెడుతుంది కాబట్టి సన్నని గీతలు చెదురుతాయి. టార్చ్‌లో గాలి తక్కువ, వేడి ఎక్కువ. నునుపైన ఉపరితలం త్వరగా వస్తుంది, అంతే త్వరగా మాడిపోతుంది. ఇస్త్రీ వంటి పనిముట్టు ఎత్తుపల్లాలను అణచివేస్తుంది. నేను ఎక్కువగా హీట్ గన్‌నే వాడతాను, దాని గాలిని తక్కువ వేగంలో ఉంచుతాను.

మైనం క్షణాలలో గడ్డకడితే చిత్రం వేయడం ఎలా సాధ్యం? మీ విధానం ఏమిటి?

ఈ ప్రశ్న అడిగేవారు మైనం స్వభావంలో సగాన్నే చూస్తున్నారు. మైనం క్షణాలలో గట్టిపడుతుంది, నిజమే. కానీ అది ఎన్నడూ శాశ్వతంగా ఆరిపోదు. ఈ రోజు వేసిన పొరను రేపైనా, పదేళ్ల తరువాతైనా వేడి చేసి మళ్లీ కదిలించవచ్చు, గీకి తీసేయవచ్చు, తీసినదానిని కరిగించి మళ్లీ వాడవచ్చు. నూనెరంగు దీనికి సరిగ్గా వ్యతిరేకం: ఆరడానికి రోజులు తీసుకుంటుంది, ఆరాక ఇక వెనక్కి రాదు. నా విధానమంతా ఈ ఒక్క గుణం నుంచే వచ్చింది. కుంచె వేసేటప్పుడు తొందరపడతాను, నిర్ణయించేటప్పుడు తొందరపడను.

ఆచరణలో ఇది ఇలా ఉంటుంది. పలుచగా పూస్తాను, అతికిస్తాను, చల్లారనిస్తాను, చూస్తాను. చూడడానికి పట్టే సమయం పూయడానికి పట్టే సమయం కన్నా చాలా ఎక్కువ. వేడిగా ఉన్నప్పుడు మైనం పారదర్శకంగా, రంగు లోతుగా కనిపిస్తుంది. చల్లారాక కొంచెం పాలు కలిసినట్లు మారుతుంది. అందుకే వేడి మీద నచ్చిన రంగును నమ్మను. రంగు పొరల మధ్య రంగు లేని మీడియం పొరను వేస్తాను. దాని వలన పై రంగును గీకినప్పుడు కింది రంగు చెడకుండా ఉంటుంది, వెలుగు లోపలిదాకా వెళ్లి తిరిగి వచ్చే దారి కూడా ఉంటుంది. అయితే మీడియం పొరలను అతిగా పేర్చితే చిత్రం పొగమంచులో చిక్కుకున్నట్లు అవుతుంది. మైనం ఇచ్చే కాంతి గురించి చాలా ఎక్కువ పొగడ్తలు వినిపిస్తాయి. కింద గీత సరిగా లేకపోతే ఆ కాంతి దేనినీ కాపాడదని నేను నమ్ముతాను.

కొందరు కళాకారులు మైనం త్వరగా గట్టిపడే గుణాన్నే బలంగా మలుచుకున్నారు. అమెరికా చిత్రకారుడు జాస్పర్ జాన్స్ 1954–55లో వేసిన జెండా చిత్రం అందుకు మంచి ఉదాహరణ. ఒక కుంచె గీత గట్టిపడగానే దాని మీద మరొకటి వేయవచ్చు, మొదటిది చెదరదు. ప్రతి గీతా విడిగా, తన అంచులతో సహా నిలిచిపోతుంది. మైనం కింద అతికించిన వార్తాపత్రికల ముక్కలు కూడా ఆ పారదర్శకత వలన లీలగా కనిపిస్తూనే ఉంటాయి. ఆ చిత్రం ఇప్పుడు న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌లో ఉంది. పొరలన్నిటినీ కరిగించి అద్దంలా నునుపు చేయడమే ఎన్‌కాస్టిక్ లక్ష్యమని అనుకునేవారు దానిని ఒకసారి చూడాలి.

సన్నని గీతలు, అక్షరాలు ఎలా వస్తాయి?

కరిగిన మైనంతో సన్నని గీత లాగడం దాదాపు అసాధ్యం; కుంచె సగం దూరం వెళ్లేసరికే ఆగిపోతుంది. గీతను పూయకుండా చెక్కడం సులువైన మార్గం. మైనం గోరువెచ్చగా, గట్టిగానూ మెత్తగానూ కాకుండా ఉన్న దశలో మొనదేలిన పనిముట్టుతో గాడి చేసి, పూర్తిగా చల్లారాక ఆ గాడిలో నూనెరంగును వేలితో రుద్ది, పైన మిగిలినదానిని కొద్దిగా వంటనూనె తగిలించిన గుడ్డతో తుడిచేస్తే, రంగు గాడిలోనే నిలుస్తుంది. మైనం బాగా వేడిగా ఉంటే గాడి అంచులు తిరిగి మూసుకుపోతాయి, బాగా చల్లబడితే పెళ్లలుగా లేస్తాయి. పలుచని కాగితం మీద గీసిన బొమ్మను మైనంలో పొదగడం మరో పద్ధతి. మైనం పీల్చుకున్న కాగితం దాదాపు కనిపించకుండా పోయి, గీత మాత్రమే మిగులుతుంది.

కుంచెలను ఎలా శుభ్రం చేస్తారు?

చేయను. సహజమైన పంది వెంట్రుకల కుంచెలను రంగుకొకటి చొప్పున కేటాయించి, మైనంతో గడ్డకట్టిన వాటిని అలాగే వదిలేస్తాను. మరుసటిసారి వేడి పెనం మీద పెడితే తిరిగి మెత్తబడతాయి. కృత్రిమ వెంట్రుకల కుంచెలు వేడికి కరిగిపోతాయి కాబట్టి పనికిరావు.

పొగ ఆరోగ్యానికి హానికరమా?

సరైన ఉష్ణోగ్రతలో ఉన్న మైనం నుంచి పొగ రాదు, లేత తేనె వాసన మాత్రమే వస్తుంది. పని చేయడానికి అనువైన వేడి 82 నుంచి 93 డిగ్రీల సెల్సియస్. పొగ కంటికి కనిపించిందంటే మైనం విచ్ఛిన్నమవుతున్నదని అర్థం. అప్పుడు అక్రోలీన్ వంటి, కళ్లనూ గొంతునూ మండించే ఆల్డిహైడ్‌లు వెలువడతాయి. తలనొప్పి, కళ్ల మంట, గొంతులో గరగర మొదలైతే వాటిని అలవాటు చేసుకోకుండా వెంటనే పెనం ఆపి బయటికి వెళ్లాలి.

పెనం మీద ఉండే అంకెలను నమ్మకూడదు. ఒకే పెనం మీద మధ్యభాగానికీ అంచులకూ చాలా తేడా ఉంటుంది. ఉపరితలాన్ని కొలిచే థర్మామీటర్‌ను రంగు గిన్నె పక్కనే ఉంచుకుని, అప్పుడప్పుడు గిన్నె చోటు మార్చుతూ చూడాలి. హీట్ గన్, టార్చ్ పలక మీద సృష్టించే వేడి పెనం వేడికన్నా చాలా ఎక్కువ అన్న సంగతి చాలామందికి తట్టదు. పొగలో అధిక భాగం అక్కడి నుంచే వస్తుంది.

గదిలో సాధారణ పంకా వేస్తే ఆవిరి గదిలోనే తిరుగుతుంది, పైగా మైనం త్వరగా చల్లబడుతుంది. గాలిని బయటికి తోసే ఫ్యాన్‌ను కిటికీలో బల్ల ఎత్తున అమర్చి, తాజా గాలి మీ వెనుక నుంచి వచ్చి, మైనం మీదుగా బయటికి వెళ్లేలా బల్లను ఉంచుకోవాలి. మీ ముఖం ఆ దారిలో అడ్డుగా ఉండకూడదు. పొడి దుమ్మును ఆపే మాస్కు ఆవిరిని ఆపదు.

నిప్పు అంటుకునే ప్రమాదం ఉందా?

ఉంది, కానీ నిర్లక్ష్యం లేకుండా అది జరగడం అరుదు. మైనం ఆవిరి అంటుకునే స్థితికి చేరాలంటే ఉష్ణోగ్రత సుమారు 200 డిగ్రీలు దాటాలి. పని వేడికి అది రెట్టింపు. కరిగించడానికి గ్యాస్ పొయ్యి వంటి మంటను వాడకండి, వెలుగుతున్న పెనాన్ని వదిలి గది దాటి వెళ్లకండి, టార్చ్ వాడే బల్ల మీద కాగితాలు, ద్రావకాలు ఉంచకండి. మైనం అంటుకుంటే నీళ్లు చల్లకూడదు. నీరు ఒక్కసారిగా ఆవిరై మండుతున్న మైనాన్ని చుట్టూ చిమ్ముతుంది. మూత పెట్టి గాలి అందకుండా చేయాలి. మూత, అగ్నిమాపక సాధనం చేతికి అందే దూరంలో ముందే ఉండాలి.

చర్మం మీద వేడి మైనం పడితే దానిని లాగకుండా, ఆ భాగాన్ని 20 నిమిషాల పాటు చల్లని నీటి ధార కింద ఉంచాలి. చర్మానికి గట్టిగా అంటుకున్న మైనాన్ని, బొబ్బలెక్కిన చోటును వైద్యుడికి వదిలేయడం మంచిది.

చిత్రం ఎండాకాలంలో కరిగిపోదా?

గోడ మీద ఉన్న చిత్రం కరగదు. మీడియం మెత్తబడి కరగడానికి దాదాపు 70 డిగ్రీల వేడి కావాలి, మనుషులు నివసించే గది ఏదీ ఆ వేడికి చేరదు. అయితే నేరుగా ఎండ పడే గోడకు, ముఖ్యంగా గాజు కిటికీకి ఎదురుగా తగిలించకూడదు. ముదురు రంగులు ఎండను పీల్చుకుని గది కన్నా బాగా వేడెక్కి మెత్తబడతాయి. మూసి ఉన్న కారులో ఎండలో వదిలేయడం అన్నిటికన్నా చెడ్డ పని. ఇక్కడ చాలామందికి ఆశ్చర్యం కలిగించే సంగతి ఒకటి ఉంది: ఎన్‌కాస్టిక్‌కు వేడి కన్నా గడ్డకట్టే చలి పెద్ద శత్రువు. సున్నా డిగ్రీల దగ్గర మైనం పెళుసెక్కి, చిన్న తాకిడికే పగలవచ్చు, ఆధారం నుంచి విడిపోవచ్చు.

కొన్ని వారాలకే చిత్రం మీద తెల్లని మసక వచ్చింది. పాడైపోయిందా?

లేదు. కొత్త మైనంలోని కొన్ని పదార్థాలు, ముఖ్యంగా చల్లని గదులలో, నెమ్మదిగా పైభాగానికి చేరి తెల్లని మసకగా కనిపిస్తాయి. మెత్తని, నూగు రాలని నూలు గుడ్డతో గుండ్రంగా, తేలికగా రుద్దితే పోతుంది. మైనం పూర్తిగా గట్టిపడడానికి ఆరు నెలల నుంచి ఏడాది వరకు పడుతుంది. ఆ కాలంలో మసక రెండు మూడు సార్లు రావచ్చు, తరువాత తగ్గిపోతుంది. రుద్దే ముందు మాత్రం ధూళిని మెత్తని పొడి కుంచెతో దులపండి, లేదంటే ధూళి కణాలే గీతలు గీస్తాయి.

అద్దం బిగించాలా? వార్నిష్ వేయాలా?

రెండూ అక్కర్లేదు. తేమను మైనమే ఆపుతుంది, వార్నిష్ దానికి సరిగా అంటుకోదు కూడా. అద్దం బిగించదలిస్తే అది చిత్రాన్ని తాకకుండా ఖాళీ ఉండాలి. నా దృష్టిలో అద్దం వలన మైనం పైభాగం కనిపించకుండా పోతుంది, అది కనిపించనప్పుడు ఈ పద్ధతిలో వేయడంలో అర్థమే లేదు. అంచులు సులభంగా దెబ్బతింటాయి కాబట్టి, చిత్రం చుట్టూ కొద్దిగా ఖాళీ వదిలి, దానికన్నా కాస్త ఎత్తుగా ఉండే చట్రంలో అమర్చడం సరైన రక్షణ.

చిత్రాన్ని వేరే చోటికి పంపేటప్పుడు, ఒకవేళ అంచు పెచ్చు ఊడితే, ఏం చేయాలి?

ముందుగా గ్లాసిన్ అనే నునుపైన పలుచని కాగితం గానీ, మైనపు కాగితం గానీ చుట్టాలి. బుడగల ప్లాస్టిక్‌ను నేరుగా చిత్రానికి తగిలేలా చుట్టకూడదు. ప్రయాణంలో కొంచెం వేడి తగిలినా బుడగల గుండ్రని అచ్చులు మైనం మీద పడతాయి. కాగితం తరువాత మందపాటి ఫోమ్, ఆ పైన గట్టి పెట్టె ఉండాలి, పెట్టెను నిలువుగా ఉంచాలి. మరీ చలి, మరీ ఎండ ఉన్న రోజులలో పంపకపోవడం మంచిది.

పెచ్చు ఊడితే జిగురుతో అతికించకండి, ఇంట్లో ఉన్న ఇస్త్రీపెట్టెతో ప్రయత్నించకండి. ఆ ముక్క ఎంత చిన్నదైనా పారేయకుండా, గ్లాసిన్ కాగితంలో పొట్లం కట్టి, చిత్రంతో పాటు వేసిన కళాకారుడికి పంపండి. అదే ముక్కను దాని చోటులో కూర్చి, చుట్టూ కొద్దిపాటి వేడి తగిలిస్తే అతుకు కనిపించదు. కళాకారుడు అందుబాటులో లేనప్పుడు చిత్రాల సంరక్షణలో శిక్షణ ఉన్నవారిని సంప్రదించి, అది ఎన్‌కాస్టిక్ అని ముందే చెప్పండి. నూనెరంగు చిత్రమనుకుని ద్రావకంతో తుడిస్తే పై పొరే కరిగిపోతుంది. ఈ కారణంగానే నా చిత్రాల వెనుక మైనం రకం, గుగ్గిలం కొలత, ఆధారం వివరాలు రాసి పెడతాను.